నాలుగు స్టేషన్ల నడుమ ఒక రాష్ట్రపు జమాఖర్చు

హైదరాబాద్ మెట్రో ఎర్ర మార్గంలో ఖైరతాబాద్, ఎర్రమంజిల్, పంజాగుట్ట, అమీర్‌పేట స్టేషన్లు వరుసగా వస్తాయి. ఈ నాలుగింటి నడుమ కాలినడకన తిరిగే పరిశీలకునికి, తెలంగాణ ప్రజల బతుకును నిర్ణయించే మూడు వ్యవహారాలు, అనగా సేద్యం, పన్నులు, కొలువులు, వేర్వేరు భవనాలలో వేర్వేరు కిటికీల వెనుక కనిపిస్తాయి. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నడిచిన ‘నీళ్లు, నిధులు, నియామకాలు’ అన్న నినాదంలోని మొదటి మాటకు ఎర్రమంజిల్‌లోని జలసౌధ చిరునామా కాగా, రెండవదానిలో కొంత ఖైరతాబాద్ రవాణా కార్యాలయంలో వసూలవుతుంది. మూడవదాని కోసం ఎదురుచూసే యువత అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటుంది. ప్రభుత్వానికి ఇవి మూడు శాఖలు గాని, ఊళ్లో ఉన్న కుటుంబానికి ఒకటే పద్దు. ఒక వరుసలో తగ్గినది మరొక వరుసలో అప్పుగా తేలుతుంది.

ఈ ముడి కొత్తది కాదు. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ మిగులు ఆదాయాన్ని తెలంగాణలోనే ఖర్చు చేయాలనే షరతు ఉండగా, మద్యనిషేధం విధించాలా వద్దా అన్నది తెలంగాణ శాసనసభ్యులే తేల్చుకోవాలన్న షరతు కూడా దాని పక్కనే ఉంది. ఆ ప్రాంతపు ఖజానాకు ఆబ్కారీ, అనగా కల్లు, సారాలపై వచ్చే రాబడి ఎంత ముఖ్యమో తెలిసినవారే ఆ రెండింటినీ ఒకే కాగితంపై రాశారు. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో విద్యార్థులు వీధుల్లోకి వచ్చినప్పుడు ఉద్యోగాల ఫిర్యాదూ మిగులు నిధుల ఫిర్యాదూ కలిసే వచ్చాయి. ఆ మిగులు ఎంతో తేల్చడానికి అదే సంవత్సరం కుమార్ లలిత్ అనే అధికారి నాయకత్వంలో లెక్కలు తీయవలసి వచ్చింది.

ఖైరతాబాద్ కూడలి దగ్గరి ప్రాంతీయ రవాణా కార్యాలయం పన్ను ముఖాముఖిగా కనిపించే కొద్ది చోట్లలో ఒకటి. కొత్త బండి కొన్నవారు దాని ధరలో కొంత శాతాన్ని ఒక్కసారే చెల్లించే జీవితకాల పన్ను ఇక్కడ జమ అవుతుంది. టీజీ 09 వరుసలో నాలుగు తొమ్మిదుల వంటి నంబర్ల కోసం జరిగే వేలంలో లక్షల రూపాయలు పలకడం తరచు వార్త అవుతుంది గనుక, ఈ కార్యాలయాన్ని చూసినవారికి పన్ను కట్టేది కలిగినవారే అన్న అభిప్రాయం కలగడం సహజం. ఆ అభిప్రాయం సగమే నిజం. రాష్ట్ర ఖజానాకు పెద్ద మొత్తాలు వచ్చేది వస్తు సేవల పన్ను నుంచి, పెట్రోలు, డీజిలు, మద్యంపై వేసే పన్నుల నుంచి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు ఈ చివరి మూడింటినీ దాని వెలుపలే ఉంచారు. తెలంగాణలో పెట్రోలుపై 35.2 శాతం, డీజిలుపై 27 శాతం విలువ ఆధారిత పన్ను ఉంది. అది బంకు దగ్గర ధరలోనే కలిసిపోతుంది గనుక ఎవరికీ రసీదులో విడిగా కనిపించదు.

వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదన్నది అందరూ చెప్పే మాట. 1961 ఆదాయపు పన్ను చట్టం ఆ ఆదాయాన్ని మినహాయించింది, దానిపై పన్ను వేసే అధికారాన్ని రాజ్యాంగం రాష్ట్రాలకు వదిలింది. అయితే దుక్కి దున్నినందుకు గంట లెక్కన ట్రాక్టరుకూ, కోసినందుకు హార్వెస్టరుకూ ఇచ్చే కిరాయిలో డీజిలు పన్ను ఉంది; ఎరువుపై 5 శాతం, రసాయన పురుగుమందుపై 18 శాతం జీఎస్టీ ఉంది. వ్యాపారి తాను సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మినప్పుడు వసూలు చేసిన పన్నులో మినహాయించుకోవచ్చు, దీనినే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అంటారు. రైతు అమ్మే ధాన్యానికి అతడు పన్ను వసూలు చేయడు గనుక మినహాయించుకోవడానికి అతనికి ఏమీ మిగలదు, కట్టినదంతా సాగు ఖర్చులో పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరుపై పన్నును 12 నుంచి 5 శాతానికి తగ్గించడం కొనేవారికి మేలే, కిరాయికి దున్నించుకునేవారి దాకా అది దిగుతుందా అన్నది ఊరి ట్రాక్టరు యజమాని మీద ఆధారపడిన సంగతి.

ఖైరతాబాద్ కూడలికే సమీపంలో జెన్‌కో, ట్రాన్స్‌కో సంస్థల ప్రధాన కార్యాలయమైన విద్యుత్ సౌధ ఉంది. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపుపై నిరసన తెలిపినవారిపై బషీర్‌బాగ్‌లో జరిగిన కాల్పులు, 2004 మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి ఉచిత విద్యుత్తు దస్త్రంపై పెట్టిన తొలి సంతకం, 2018 జనవరి 1న తెలంగాణలో మొదలైన ఇరవైనాలుగు గంటల ఉచిత సరఫరా, ఈ మూడూ ఒకే కథలోని మలుపులు. ఉచితమంటే ఖర్చు లేదని అర్థం కాదు. ఆ ఖర్చులో కొంత పరిశ్రమల, దుకాణాల బిల్లుల మీద పడగా, కొంత ఖజానా నుంచి పంపిణీ సంస్థలకు రాయితీగా పోతుంది. మోటారుకు కరెంటు ఉచితమే గాని బోరు తవ్వకానికి, గొట్టాలకు, కాలిన మోటారు చుట్టించడానికి డబ్బు రైతుదే. మూడు బోర్లు వేసి ఒకదానిలోనే నీరు పడ్డ రైతుకు ఆ ఉచితం ఎంత విలువైనదో, మిగిలిన రెండు బోర్ల అప్పుపై మిత్తి అంత బరువైనది.

ఎర్రమంజిల్ అన్న పేరు నిజాం కాలపు నవాబు ఫక్రుల్ ముల్క్ భవనానిది. దానిని కూల్చి కొత్త శాసనసభ కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. ఆ కొండ మీదనే ఉన్న జలసౌధ నీటిపారుదల ఇంజినీర్ల నెలవు. 2019 జూన్ 21న ప్రారంభమైన కాళేశ్వరం ఎత్తిపోతల పథకానికి చెందిన మేడిగడ్డ బ్యారేజీలో పిల్లర్లు 2023 అక్టోబరులో కుంగిన తరువాత ఇక్కడి చర్చ నీటి నుంచి అప్పుల వైపు తిరిగింది. నీరు ఎంత ఎత్తినా ఎత్తకపోయినా తెచ్చిన రుణాలకు వాయిదాలు ఆగవు, అవి ఇందాక చెప్పిన డీజిలు, మద్యం రాబడులలో నుంచే పోతాయి.

జలసౌధకు కొద్ది దూరంలోని పౌరసరఫరాల భవన్ మీద సందర్శకుల దృష్టి అంతగా పడదు గాని, ఈ నడక మొత్తంలో ఎక్కువసేపు నిలవవలసిన చోటు అదే. రాష్ట్రం ఏర్పడిన తొలి ఏడాదిలో సుమారు 24 లక్షల టన్నులుగా ఉన్న ప్రభుత్వ ధాన్యం కొనుగోలు 2020–21లో 140 లక్షల టన్నులు దాటింది. కాలువ నీరు, చెరువుల పూడికతీత, ఉచిత కరెంటు, మద్దతు ధర, ఈ నాలుగూ కలిసి పత్తి, మక్క, కంది వేసే చేలను కూడా వరి మడులుగా మార్చాయి. ఎందుకంటే ప్రభుత్వం అన్నిటికంటే ఖాయంగా కొనే పంట అదే. ఊరి కొనుగోలు కేంద్రంలో తేమ శాతం కొలిచి, తాలు పేరుతో తరుగు తీసి తూచిన ధాన్యం మిల్లుకు పోతుంది. మిల్లరు దానిని మరపట్టి బియ్యంగా తిరిగి ఇవ్వాలి, దీనిని కస్టమ్ మిల్లింగ్ అంటారు. ఆ బియ్యాన్ని భారత ఆహార సంస్థ తీసుకోకపోతే మొత్తం గొలుసు నిలిచిపోతుందని యాసంగి ఉప్పుడు బియ్యంపై 2021లో కేంద్రానికీ రాష్ట్రానికీ జరిగిన తగవు చూపింది. 2024 వానాకాలం నుంచి సన్నరకాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించి, 2025 ఉగాది నుంచి రేషన్ కార్డుదారులకు మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఈ గొలుసు చాలావరకు రాష్ట్రం లోపలే పూర్తయింది. తాను పండించి అమ్మిన సన్నాలే బియ్యమై తన రేషన్ దుకాణానికి రావడం కార్డున్న రైతుకు మింగుడుపడే ఏర్పాటే. ధాన్యం ఆరబోసిన రోడ్డు మీద అకాల వాన పడినప్పుడు మాత్రం నష్టం పూర్తిగా అతనిదే.

పంజాగుట్ట వైపు దిగితే ప్రజాభవన్ వస్తుంది. ప్రగతి భవన్‌గా ముఖ్యమంత్రి నివాసమైన ఈ ఆవరణ ముందరి ఇనుప కంచెలను 2023 డిసెంబరులో తొలగించి, జ్యోతిరావు ఫూలే పేరు పెట్టి, మంగళ, శుక్రవారాలలో అర్జీలు తీసుకునే ప్రజావాణికి తెరిచారు. ఇటువంటి చోటికి వచ్చే అర్జీలలో భూమి రికార్డులకు పెద్దపీట ఉండడంలో ఆశ్చర్యం లేదు. 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైన రైతుబంధు ఎకరాకు పంటకు 4,000 రూపాయలతో ఆరంభమై 5,000కు పెరిగి, 2025 జనవరి 26 నుంచి రైతుభరోసా పేరుతో 6,000 అయింది. 2018 ఆగస్టులో వచ్చిన రైతుబీమా, రైతు ఏ కారణంతో మరణించినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇస్తుంది. ఈ పథకాలన్నింటికీ తలుపు ఒకటే, పట్టాదారు పాసుపుస్తకం. భూ రికార్డుల ధరణి పోర్టల్‌లో ఒక సర్వే నంబరు తప్పుగా ఎక్కినప్పుడు పెట్టుబడి సాయం, బీమా, బ్యాంకు అప్పు మూడూ ఒకేసారి ఆగిపోవడానికి కారణం అదే. దాని స్థానంలో 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతి ఆ తప్పులను సరిచేసే అధికారాన్ని కింది అధికారులకు కొంత తిరిగి ఇచ్చింది.

పాసుపుస్తకం లేని సేద్యగాడి సంగతి వేరు. కౌలు రైతు ఏడాదికి ఎకరాకు ఇంతని ముందే చెల్లించి, అప్పు తెచ్చి విత్తనం వేస్తాడు. ఎకరాల లెక్కన వచ్చే డబ్బు మాత్రం భూమి యజమాని ఖాతాకు పోతుంది, ఆ యజమాని కూకట్‌పల్లిలో ఉన్నా డాలస్‌లో ఉన్నా సరే. ఇక్కడే ఈ రాష్ట్రపు పన్నుల తీరులోని అసలు వంకర బయటపడుతుంది. ఖజానా తీసుకునేటప్పుడు మనిషి ఖర్చును బట్టి తీసుకుంటుంది, ఇచ్చేటప్పుడు మనిషికున్న భూమిని బట్టి ఇస్తుంది. సాయంత్రం సీసా కొనే కూలీ, మోటారు సైకిలులో నూరు రూపాయల పెట్రోలు పోయించుకునే కౌలుదారు చెల్లించిన దానిలో కొంత, పదెకరాల ఆసామికి పెట్టుబడి సాయంగా చేరుతుంది. భూమిలేని వ్యవసాయ కూలీ కుటుంబాలకు ఏడాదికి 12,000 రూపాయలిచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసాను 2025లో ప్రకటించడం ఈ లోటును ప్రభుత్వమే ఒప్పుకోవడంగా భావించవచ్చు. ఆ మొత్తం రెండెకరాల ఆసామికి ఏటా అందే దానిలో సగం.

అమీర్‌పేటకు చేరేసరికి గోడలే పాఠ్యప్రణాళికలు. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ ఫుల్ స్టాక్, డెవాప్స్, డేటా సైన్స్, శాప్ వంటి సాఫ్ట్‌వేర్ కోర్సుల ఫ్లెక్సీలు ఒకదానిపై ఒకటి వేలాడుతుండగా, కింద జిరాక్సు దుకాణాలలో శిక్షకుల నోట్సు పుస్తకాలుగా కుట్టి అమ్ముతారు. కర్రీ పాయింట్లు, మంచాల లెక్కన అద్దెకిచ్చే హాస్టళ్లు ఈ చదువుకు తోడుగా పెరిగినవే. 1998 నవంబరులో ఐటీ సముదాయం సైబర్ టవర్స్ ప్రారంభం కావడం, కంప్యూటర్లలోని 2000 సంవత్సరపు తేదీ చిక్కును సరిచేయడానికి అమెరికాకు ప్రోగ్రామర్లు కావలసి రావడం ఈ బజారుకు ఊపిరిపోశాయి. ఇక్కడ చేరే విద్యార్థి ఇంజినీరింగ్ పట్టా చేతపట్టుకునే వస్తాడు, కళాశాలలో నాలుగేళ్లకు అందనిది ఇక్కడ మూడు నెలలలో అందుతుందన్న ఆశతో. కోర్సు ఫీజు, హాస్టలు, ఉద్యోగం వచ్చేదాకా తిండి, ఇవన్నీ చాలా ఇళ్లలో ధాన్యం డబ్బు నుంచో, ఆడబిడ్డ పెళ్లికి ఉంచిన బంగారం కుదువ నుంచో, నూటికి రెండు రూపాయల మిత్తి నుంచో వస్తాయి. రాష్ట్రంలో పనిచేసేవారిలో దాదాపు సగం మంది వ్యవసాయంలోనే ఉన్నా రాష్ట్ర ఆదాయంలో దాని వాటా ఆరో వంతుకు అటూ ఇటూగానే ఉండడం ఈ వలసకు కారణం. పొలం వదిలించుకోవడానికి పొలమే పెట్టుబడి పెడుతుంది.

ఉద్యోగం వస్తే జీతం చీటీలో మొదట కనిపించే రాష్ట్ర పన్ను వృత్తి పన్ను. ఏడాదికి 12 లక్షల వరకు ఆదాయమున్న ఉద్యోగికి 2025 ఏప్రిల్ నుంచి కొత్త విధానంలో ఆదాయపు పన్ను లేదు గాని, నెలకు 15,000 రూపాయలు దాటిన జీతానికి 150, ఇరవై వేలు దాటితే 200 రూపాయల వృత్తి పన్ను కోత తప్పదు. ఉద్యోగం రాకపోతే కన్సల్టెన్సీల వ్యవహారం మొదలవుతుంది. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం, డబ్బు కట్టించుకుని కంపెనీలో చొప్పిస్తామనే ‘బ్యాక్‌డోర్’ ఒప్పందం, ఇంటర్వ్యూలో ఒకరి బదులు ఇంకొకరు జవాబు చెప్పే ప్రాక్సీ, ఇవి ఈ బజారు చీకటి పద్దులు. కార్యాలయానికి తాళం వేసుకుని నిర్వాహకులు మాయమైనప్పుడు పోయేది ఎక్కువగా రైతుల డబ్బే.

వచ్చిన ఉద్యోగం పోవడం ఇంకొక సంగతి. 2022 చివర, 2023 మొదట్లో మెటా, గూగుల్, అమెజాన్ వేల మందిని తొలగించినప్పుడు హెచ్-1బి వీసాపై ఉన్నవారికి కొత్త యజమానిని వెతుక్కోవడానికి ఉన్న గడువు అరవై రోజులు. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతాన్ని, అంటే సుమారు 12,000 మందిని తగ్గించనున్నట్లు ప్రకటించింది. కొలువు పోయినవారు మళ్లీ కోర్సుల కోసం అమీర్‌పేటనే వెతుక్కుంటారు గనుక మాంద్యం ఈ బజారును పూర్తిగా ఎండగట్టదు, అదొక విచిత్రం.

ఈ బజారును నిజంగా ఖాళీ చేసినది 2020 మార్చి. లాక్‌డౌన్ మొదటి రోజులలో హాస్టళ్లు మూసేస్తామనడంతో, 25వ తేదీన ఎస్‌ఆర్ నగర్, పంజాగుట్ట పోలీస్ స్టేషన్ల ముందు యువతీయువకులు ఊళ్లకు వెళ్లే పాసుల కోసం బారులు తీరారు. ఆ పాసులతో ఆంధ్రప్రదేశ్‌కు బయలుదేరినవారు జగ్గయ్యపేట దగ్గరి గరికపాడు చెక్‌పోస్టు వద్ద చాలాసేపు నిలిచిపోయారు. ఊరికి చేరినవారికి పొలం పని, లేదా రోజుకు 237 రూపాయల ఉపాధి హామీ కూలి మిగిలింది; జీతాలు ఆగిన ప్రైవేటు బడి పంతుళ్లు కూడా గడ్డపార పట్టారు. అదే మార్చి నెలలో సమ్మెకు దిగారన్న కారణంపై, ఆ పథకంలో మస్టర్లు రాసే ఏడు వేల మందికి పైగా ఫీల్డ్ అసిస్టెంట్లను ప్రభుత్వం తొలగించి ఉంది. పల్లెకు పని కోసం జనం మళ్లిన వేసవిలోనే పని చూపించేవారి కొలువులు పోయాయి. వారిని తిరిగి తీసుకున్నది 2022లో. ప్రైవేటు ఉపాధ్యాయులకు 2021 ఏప్రిల్ నుంచి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చారు; ఆ బియ్యం ఎర్రమంజిల్ పౌరసరఫరాల లెక్కల్లోదే.

ఉద్యోగం పోయినవారికి హక్కుగా దక్కే సాయం చాలా తక్కువ. ఈఎస్ఐ కింద ఉన్న కార్మికునికి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన తొంభై రోజుల వరకు సగటు జీతంలో సగం ఇస్తుంది గాని, 21,000 రూపాయలు దాటిన నెల జీతగాడు ఈఎస్ఐ పరిధిలోకి రాడు, వ్యవసాయ కూలీ అసలే రాడు. 2018 ఎన్నికల హామీలలో 3,016 రూపాయలుగా, 2023 మే నాటి యువ డిక్లరేషన్‌లో 4,000 రూపాయలుగా వినిపించిన నిరుద్యోగ భృతికి ఈ దారిలోని ఏ భవనంలోనూ ప్రత్యేక కిటికీ లేదు. అందువల్ల అమీర్‌పేట హాస్టలు అద్దె కట్టలేని నెలలో ఫోను పోయేది ఊళ్లో ఉన్న నాన్నకే, అదీ ధాన్యం డబ్బు ఇంకా ఖాతాలో పడని రోజులలో.