మన కేబుల్ ఎక్కడుంది సార్?

టెలికాం కంపెనీలో పనిచేస్తున్నానని తెలిసిన చుట్టాలందరూ నన్ను అడిగేది ఒకటే. "మా ఇంట్లో సిగ్నల్ సరిగ్గా రావట్లేదు, కాస్త చూడకూడదూ?" నేను టవరెక్కి ఏదో నట్టు బిగిస్తే సరిపోతుందని వాళ్ళ నమ్మకం. కాదండీ, నా పని జీఐఎస్ అంటే "అదేంటి, గూగుల్ మ్యాపులా?" అంటారు. చుట్టాలనని ఏం లాభం, మా కంపెనీలో పెద్ద పెద్ద హోదాల్లో ఉన్నవాళ్ళు కూడా మొదట్లో అదే మాట అన్నారు :)

జీఐఎస్ అంటే భౌగోళిక సమాచార వ్యవస్థ. పేరు బరువే గానీ సంగతి తేలికే. మన డేటాబేసులో ఉన్న ప్రతి వస్తువుకీ అది భూమ్మీద ఎక్కడుందో కూడా రాసిపెట్టుకుని, ఆ "ఎక్కడ"ని పట్టుకుని ప్రశ్నలడగడం. 1960లలో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ అనే ఆయన ఏ నేల దేనికి పనికొస్తుందో లెక్కలు తియ్యడానికి మొదలుపెట్టాడు. హైదరాబాదుకి ఇది కొత్త విద్యేమీ కాదు. ఇప్పుడు సైయెంట్ అంటున్న అప్పటి ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ 1990లలో విదేశీ మ్యాపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించే పనితోనే ఎదిగింది. ఎక్కడో పరాయి దేశపు ఊళ్ళో ఏ వీధి కింద ఏముందో మనవాళ్ళు ఇక్కడ ఏసీ గదుల్లో కూర్చుని గీసిపెట్టారు. మన వీధి కింద ఏముందో మాత్రం.. సరే, ఆ కథే చెప్పబోతున్నా.

మా కంపెనీ పేరు చెప్పను. ఇళ్ళకీ ఆఫీసులకీ ఫైబర్ మీద ఇంటర్నెట్ ఇస్తాం. నేను చేరేనాటికి "మన కేబుల్ ఎక్కడుంది?" అనే ప్రశ్నకి మా దగ్గర అయిదు జవాబులుండేవి. ప్లానింగ్ వాళ్ళ దగ్గర ఆటోక్యాడ్ బొమ్మలు. ప్రాజెక్టు వాళ్ళ దగ్గర గూగుల్ ఎర్త్ ఫైళ్ళు, వాటి పేర్లు ఫైనల్, ఫైనల్ న్యూ, ఫైనల్ లేటెస్ట్, అలా. నెట్‌వర్క్ చూసేవాళ్ళ దగ్గర విజియోలో గీసిన గుండ్రాలూ గీతలూ. బిల్లింగులో కస్టమర్ అడ్రసులు. ఫైనాన్సు వాళ్ళ ఆస్తుల రిజిస్టరులో తరుగుదల లెక్కల కోసం కిలోమీటర్లు. ఏ రెండు చోట్లా కిలోమీటర్లు కలవవు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం!

అడ్రసుల సంగతైతే చెప్పనక్కర్లేదు. హైదరాబాదు పాత ఇంటి నెంబర్లలో మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, ఆ తరవాత ఇల్లు. చూడ్డానికి ఎంతో పద్ధతిగా ఉంటుంది గానీ 200 పక్కన 201 ఉంటుందన్న గ్యారంటీ లేదు. అందుకే మన కస్టమర్లు "హనుమాన్ గుడి ఎదురు సందు, కిరాణా షాపు పైన" అని రాస్తారు. ఆ మాట ఏ సాఫ్ట్‌వేరుకీ అర్థం కాదు, మా కుర్రాళ్ళకి మాత్రం ఇట్టే అర్థమవుతుంది. దానికి తోడు అక్షాంశం రాయాల్సిన గడిలో రేఖాంశం రాసే మహానుభావులు. హైదరాబాదు 17.4, 78.5 దగ్గరుంటుంది. తిరగేసి రాస్తే ఎక్కడ తేలతామో తెలుసా? ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవుల్లో. మా మాదాపూర్ కస్టమర్లు కొంతమంది చాలాకాలం అక్కడే, ధ్రువపు ఎలుగుబంట్ల మధ్య కాపురం చేశారు.

ఇవన్నీ ఒక్కచోటికి తెద్దామంటే పిల్లి మెడలో గంట కట్టేదెవరు? ఒకసారి ఓ అమ్మకందారు కంపెనీ వాళ్ళు వచ్చి గొప్ప డెమో ఇచ్చారు. త్రీడీ భవనాలు, నేలలోంచి పైకి లేచే కేబుళ్ళు, మౌసు తిప్పితే గిరగిరా తిరిగే ఊరు. అందరూ చప్పట్లు కొట్టారు. సమోసాలు తిన్నారు. కొటేషన్ చూశాక ఆ ఫైలు ఎవరి డెస్కు మీదికి వెళ్ళిందో ఇప్పటికీ తెలీదు. నాకైతే ఆ రోజు ఒక్కటి అర్థమైంది. బొమ్మ బాగుందని ఎవరూ పని పద్ధతి మార్చుకోరు. ఏదో ఒక మనిషికి ఏదో ఒక రాత్రి నిద్రపట్టించాలి, అప్పుడు అడుగుతాడు ఇదేంటని.

మాకు ఆ మనిషి ఫాల్టులు చూసే టీమ్ లీడరు. ఆయన బాధ చెప్పాలంటే కొంచెం సాంకేతిక గొడవ తప్పదు, ఓపిక పట్టండి. రోడ్డు పనుల్లో జేసీబీ మన కేబుల్ తెంపేస్తుంది. ఎక్కడ తెగిందో తెలుసుకోడానికి ఓటీడీఆర్ అనే పెట్టె ఉంది. ఎక్స్ఛేంజి వైపునుంచి ఫైబర్లోకి ఓ వెలుగు తునక పంపి, అది ఎంతసేపటికి వెనక్కి వచ్చిందో చూస్తుంది. గాజులో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే కిలోమీటరు పోయిరావడానికి పది మైక్రోసెకన్లు. పెట్టె లెక్కేసి "6.4 కిలోమీటర్ల దగ్గర తెగింది" అంటుంది. వెంటనే మనవాళ్ళు బండెక్కి రోడ్డు మీద 6.4 కొలుచుకుని అక్కడ తవ్వుతారు. అక్కడ కేబుల్ భేషుగ్గా ఉంటుంది!

ఎందుకంటే పెట్టె కొలిచేది ఫైబర్ పొడవుని, రోడ్డు పొడవుని కాదు. జాయింటు ఉన్న ప్రతిచోటా, మలుపుల దగ్గరా, రేపు అవసరమొస్తే లాక్కోడానికి పది పదిహేను మీటర్ల కేబుల్ చుట్ట చుట్టి వదిలేస్తారు. లూపు అంటాం. దారిలో పధ్నాలుగు లూపులు, ఒక్కోటి పదిహేను మీటర్లు అనుకోండి, 210 మీటర్లు అక్కడే పోయాయి. పైగా కేబుల్ లోపల ఫైబర్ కాస్త మెలిదిరిగి ఉంటుంది గనక అది కేబుల్ కంటే ఇంకొంచెం పొడవు. అసలు తెగిన చోటు మీరు తవ్వినదానికి పావు కిలోమీటరు ఇవతల ఉంటుంది. అర్ధరాత్రి వానలో పావు కిలోమీటరు అంటే ఏమిటో ఆ తవ్వేవాళ్ళని అడగాలి.

లూపులు ఎక్కడెక్కడున్నాయో, ఒక్కోటి ఎంత పొడవో మ్యాపులో ఎక్కిస్తే, ఓటీడీఆర్ చెప్పిన అంకె ఇచ్చి "ఇది నేలమీద ఎక్కడ?" అని అడగొచ్చు. ఇదేం బ్రహ్మవిద్య కాదు. పోస్ట్‌జీఐఎస్‌లో గీతమీద ఫలానా దూరంలో ఉన్న బిందువు చెప్పే ఫంక్షన్ ఎప్పట్నుంచో ఉంది. పోస్ట్‌జీఐఎస్ 2001లో, క్యూజీఐఎస్ 2002లో మొదలయ్యాయి, రెండూ ఉచితం. సాఫ్ట్‌వేరుకి పైసా ఖర్చులేదు. మరి ఖర్చెక్కడ? లూపులు ఎక్కడున్నాయో కనుక్కోవడం దగ్గర. ఆ సమాచారం ఏ ఫైల్లోనూ లేదు. ఓ పెద్దాయన బుర్రలో ఉంది.

ఆయన కాంట్రాక్టరు దగ్గర స్ప్లైసింగ్ చేస్తాడు. రాగి తీగల ల్యాండ్‌లైన్ రోజుల్నుంచీ ఈ పనిలోనే ఉన్నాడు. పన్నెండు రంగుల ఫైబర్లు (నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ.. అలా పోతుంది వరస) టార్చిలైటు వెలుగులో తడుముకోకుండా విడదీస్తాడు. ఆయన్ని ఏ రోడ్డు మీద నిలబెట్టినా కాలితో తొక్కి చూపిస్తాడు, "ఈడ జాయింటుంది, గాడ డక్టు మలుగుతది" అని. నేను రెండు వారాలు ఆయన వెనక బండిమీద తిరిగాను, చేతిలో జీపీఎస్ పట్టుకుని. మూడో రోజో నాలుగో రోజో టీ తాగుతూ అడిగాడు.

"సార్, ఒక్క మాట. గిదంతా నువ్వు మ్యాప్‌ల ఎక్కిస్తవ్. మంచిదే. రేపు నన్నెందుకు పిలుస్తరు?"

నా దగ్గర ట్రెయినింగుల్లో నేర్పిన జవాబులు చాలానే ఉన్నాయి. సామర్థ్యం పెరుగుతుంది, విలువైన పనులకి సమయం దొరుకుతుంది, వగైరా వగైరా. అవి ఆయన ముందు నోరు పెగల్లేదు. "పిలవకుండా ఎట్లుంటరన్నా, అతకడానికి చేతులు కావాలి కదా" అన్నాను. "చేతులైతే చానా మందికున్నయ్ సార్" అన్నాడు. అని మళ్ళీ లేచి బండి స్టార్ట్ చేసి తరవాతి జాయింటు చూపించాడు. నాకు అదే ఆశ్చర్యం.

రెండు వారాల పని మూడు నెలలైంది గానీ ఫలితం మాత్రం వెంటనే కనబడింది. తవ్విన చోటల్లా కేబుల్ తెగిన చోటే దొరకడం మొదలయ్యాక ఫాల్టుల టీమ్ లీడరు మాకు ఉచిత ప్రచారకర్త అయిపోయాడు. నేను ఏ మీటింగులోనూ నోరు తెరవాల్సిన పనిలేకుండా పోయింది. ప్లానింగ్ వాళ్ళొచ్చారు, ప్రాజెక్టు వాళ్ళొచ్చారు. మార్కెటింగ్ వాళ్ళు కూడా వచ్చారు, "మన కవరేజీ ఉన్న చోటంతా నీలం రంగు పులిమి ఇవ్వగలరా?" అంటూ.

ఈ రంగు పులమడం మీద నాకో చిన్న కోపముంది. అమెరికాలో ఏళ్ళ తరబడి బ్రాడ్‌బ్యాండ్ లెక్కలు ఇలాగే నడిచాయి. జనాభా లెక్కల బ్లాకులో ఒక్క ఇంటికి ఇవ్వగలిగితే ఆ బ్లాకంతా సేవలున్నట్టే రాసుకునేవారు. పల్లెల్లో ఆ బ్లాకులు మైళ్ళకొద్దీ ఉంటాయి. 2020లో దానిమీద ప్రత్యేకంగా చట్టం చేసి, 2022 నవంబరులో ఇంటింటి లెక్కతో కొత్త మ్యాపు విడుదల చేశారు. పటం మీద రంగు ఉంటే జనం నమ్మేస్తారు, అంకెల్ని అనుమానించినట్టు రంగుల్ని అనుమానించరు. మార్కెటింగ్ వాళ్ళకి నేను చుక్కలే ఇచ్చాను, రంగు ఇవ్వలేదు. వాళ్ళే ఫొటోషాపులో పులుముకున్నారు లెండి.

అసలు గొడవ తరవాతొచ్చింది. పెద్ద కస్టమర్లకి మేము రెండు దారుల్లో లింకు ఇస్తాం. ఒకటి తెగితే రెండోది నడుస్తుంది, దానికి డబ్బులూ ఎక్కువే తీసుకుంటాం. విజియో బొమ్మలో ఆ రెండు దారులూ ఎడమొకటీ కుడొకటీ, ముచ్చటగా ఉంటాయి. మ్యాపు తయారైంది కదాని నేనూ, మా టీములో ఓ అమ్మాయీ కలిసి ఓ చిన్న క్వెరీ రాశాం. రెండో దారికి పది మీటర్లలోపు మొదటి దారి ఎక్కడెక్కడ వస్తుందో చూపించమని. చాలావరకు బిల్డింగు గేటు దగ్గర కలుస్తాయి, అది తప్పదు. ఒక కస్టమర్‌కి మాత్రం ఊరి మధ్యలో ఓ కల్వర్టు కింద, రెండు దారులూ ఒకే పైపులో పోతున్నాయి. ఆ కస్టమర్ ఓ ఆసుపత్రి.

మ్యాపు చూపిస్తే సేల్స్ ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఇంకెవరికైనా చూపించారా?"

ఎవరూ కావాలని మోసం చెయ్యలేదు. గీసినవాడు గుండ్రాలే చూశాడు, వేసినవాడు ఉన్న డక్టు చూశాడు, అమ్మినవాడు పీపీటీ చూశాడు. మూడూ ఒకేచోట చూసే అవకాశం అంతకుముందు ఎవరికీ లేదు. ఇప్పుడొచ్చింది, అదే ఇబ్బంది. రెండు వారాలు మీటింగులు నడిచాయి. ఆ లేయరు అందరికీ కనబడకుండా లాక్ చెయ్యమన్నారు. మా మేనేజరు నెమ్మదస్తుడు, గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన ఒక్క మాట అన్నాడు, "లాక్ చేస్తాను, చెయ్యమని మీరు మెయిల్ పెట్టండి." ఆ మెయిలు రాలేదు. కొత్త దారికి డబ్బులు శాంక్షన్ అయ్యాయి. నాలుగు నెలల్లో వేశారు. ఆసుపత్రికి కొత్త దారి పూర్తయ్యాకే చెప్పారు, "అప్‌గ్రేడ్" అన్న పేరుతో. ఆ నాలుగు నెలలూ ఆ కల్వర్టు దగ్గర ఏ జేసీబీ కనబడినా నాకు కడుపులో తిప్పేది. మొదటి రోజే చెప్పి ఉండాల్సిందని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

కంపెనీల్లో జీఐఎస్‌ని ఎవరూ వద్దనరు, కానీ అందరూ వాయిదా వేస్తారు. ఖర్చు వల్లా, టెక్నాలజీ రాకా అనుకుంటాం. కాదు. ఎవరి ఎక్సెల్ షీటు వాళ్ళకున్నంతకాలం ఎవరి నిజం వాళ్ళది. పటం మీద పెడితే పక్కవాడికీ కనబడుతుంది.

బయటినుంచి కూడా ఒత్తిడి వచ్చిందిలెండి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపింగ్ నిబంధనలు సడలించి, దేశీయ సంస్థలకి ముందస్తు అనుమతుల బెడద తగ్గించింది. 2023 మార్చిలో "కాల్ బిఫోర్ యు డిగ్" యాప్ వచ్చింది, తవ్వేవాళ్ళు ఎక్కడ తవ్వుతున్నారో అందులో చెప్తే ఆ నేల కింద ఆస్తులున్న కంపెనీలకి కబురొస్తుంది. కబురు రావాలంటే మన కేబుల్ ఎక్కడుందో ముందు మనం చెప్పి ఉండాలి కదా! 2025 ఆగస్టులో రామంతాపూర్ ఊరేగింపులో కరెంటు షాకుకి ప్రాణాలు పోయాక, హైదరాబాదులో స్తంభాల మీది కేబుళ్ళు కోసెయ్యడం మొదలుపెట్టారు. ఏ స్తంభం మీది ఏ తీగ ఎవరిదో, ఏది పనిచేస్తోందో, ఏది ఏళ్ళ కిందటే చచ్చి వేలాడుతోందో చెప్పగలిగిన కంపెనీలు ఎన్నున్నాయంటారు?

పెద్దాయన సంగతి చెప్పకుండా ఆపితే బాగోదు. మ్యాపులో ప్రతి జాయింటు పక్కనా ఎవరు చూపించారో, ఏ తేదీన చూశామో రాసే గడి పెట్టించాను. సగానికి పైగా జాయింట్ల పక్కన ఆయన పేరే ఉంది. చూపిస్తే నవ్వాడు. ఏడాదిన్నర తరవాత మా వాళ్ళు కాంట్రాక్టరుని మార్చారు, కొత్తవాళ్ళు తక్కువ రేటుకి వచ్చారు. రూట్లు తెలియని కొత్త టీముని ధైర్యంగా తెచ్చుకోవడం ఆ మ్యాపు లేకపోతే కుదిరేది కాదు. కొత్తవాళ్ళకి ఆయన పేరు సిఫార్సు చేశాను, వాళ్ళకి కుర్రాళ్ళే కావాలిట. ఆయనిప్పుడు ఇంకో కంపెనీకి పనిచేస్తున్నాడు.

అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. మొన్నీమధ్య ఓ ఆదివారం చేసి, "సార్, గా స్కూలు కాడ రోడ్డు వెడల్పు చేసిన్రు, మీ డక్టు జరిపిన్రు. మ్యాప్‌ల మార్చిన్రా?" అన్నాడు. చూస్తే మార్చలేదు. సోమవారం పొద్దున్నే మనిషిని పంపాం. డక్టు మూడు మీటర్లు ఇవతలికి జరిగి ఉంది. మార్చాం. "ఎవరు చూపించారు" గడిలో ఏం రాయాలని ఆ కుర్రాడు అడిగితే, పెద్దాయన పేరే రాయమన్నాను.