రొట్టె విరవడంలో ట్రాన్సిటివ్ డిపెండెన్సీ

నర్సాపురం, పాలకొల్లు వైపు తిరిగినవాళ్ళకి బ్రదరన్ వాళ్ళ మందిరాలు తెలిసే ఉంటాయి. ఆదివారం రొట్టె విరుస్తారు, ఎవరికి ప్రేరణ కలిగితే ఆ సోదరుడు లేచి ప్రార్థన చేస్తాడు. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అనే పళ్ళ డాక్టరు 1836లో ఇంగ్లండు నుంచి వెంటబెట్టుకొచ్చిన బౌడెన్, బీర్ దంపతులతో మొదలైంది ఇదంతా. గోదావరి డెల్టా మిషన్ అంటే వాళ్ళే. కానీ నన్ను చాన్నాళ్ళుగా పట్టుకుని వదలనిది ఆ వెనకాల ఇంగ్లండులో జరిగిన గొడవ.

అసలు ఐడియా చాలా బాగుంటుంది. 1820ల చివర్లో డబ్లిన్‌లో కొందరు అనుకున్నారు: డినామినేషన్లూ వద్దు, పేర్లూ వద్దు, క్రీస్తుని నమ్మినవాళ్ళంతా ఒకే బల్ల దగ్గర కూర్చుందాం అని. 1831 నుంచి ప్లిమత్‌లో పెద్ద సంఘం తయారైంది. పేరు వద్దన్నవాళ్ళకి ఊరి పేరు అంటుకుంది, ప్లిమత్ బ్రదరన్ అని!

అక్కడ ఇద్దరు ఉద్దండులు. ఆంగ్లికన్ గురుత్వం వదిలేసి వచ్చిన జాన్ నెల్సన్ డార్బీ, స్థానికంగా బోధించే బెంజమిన్ విల్స్ న్యూటన్. మహాశ్రమలకి ముందే సంఘం ఎత్తబడుతుందని డార్బీ. కాదు, శ్రమల గుండా వెళ్ళాల్సిందేనని న్యూటన్. 1845లో డార్బీ, న్యూటన్ పాదిరీలా పెత్తనం చేస్తున్నాడని కూడా అన్నాడు. 1847లో న్యూటన్ కీర్తనల మీద చేసిన ఒక ప్రసంగం నోట్సు అవతలివాళ్ళ చేతికి చిక్కింది. పాపం లేని క్రీస్తు కూడా ఇశ్రాయేలులో పుట్టినందువల్ల ఆ జాతి మీదున్న దేవుని కోపం కిందకి వచ్చాడనే అర్థం అందులో ఉంది. న్యూటన్ కొంత వెనక్కి తీసుకుని, ఆ డిసెంబరులో ప్లిమత్ వదిలి వెళ్ళిపోయాడు. నా మటుకు నాకు ఇంతవరకూ డార్బీని తప్పుపట్టాలనిపించదు. నమ్మేవాళ్ళకి అది చిన్న విషయం కాదు కదా.

తర్వాతదే మింగుడుపడదు. 1848లో న్యూటన్ సంఘం వాళ్ళు కొందరు బ్రిస్టల్‌లోని బెతెస్ద చాపెల్‌కి వచ్చారు. అక్కడి పెద్దలు జార్జి ముల్లర్ (అవును, అనాథాశ్రమాల ముల్లరే), హెన్రీ క్రెయిక్. వచ్చినవాళ్ళని ప్రశ్నలేసి, ఆ బోధ నమ్మట్లేదని తేల్చుకుని చేర్చుకున్నారు. ఆగస్టులో డార్బీ సర్క్యులర్ పంపాడు: బెతెస్దతో కలిసేవాళ్ళతో మాకు సహవాసం లేదు, అని. మన భాషలో చెప్పాలంటే, బగ్గున్న లైబ్రరీ వాడినవాణ్ణే కాదు, వాడి మెషీనుకి పింగ్ కొట్టినవాణ్ణి కూడా ఫైర్‌వాల్‌లో బ్లాక్ చెయ్యడమన్నమాట. ఆ ఏడాది చివరికల్లా బెతెస్ద వాళ్ళు కూడా న్యూటన్ బోధ తప్పని తీర్మానించారు. అయినా బ్లాక్ తియ్యలేదు.

1849 జూలైలో డార్బీ స్వయంగా ముల్లర్ దగ్గరకొచ్చి, ఇక విడిగా ఉండక్కర్లేదన్నాడట. ఒంటిగంటకి ఇంకా పది నిమిషాలే ఉంది, ఇంత పెద్ద సంగతి ఇప్పుడు మాట్లాడలేనన్నాడట ముల్లర్. ఇది ముల్లర్ చెప్పిన వెర్షనే. ఇద్దరూ మళ్ళీ కలవలేదు. ఆ పది నిమిషాలూ వాడుకోవాల్సిందనే నేనంటాను.

ఎక్స్‌క్లూసివ్, ఓపెన్ అని రెండయ్యాయి. డార్బీ వైపు వాళ్ళు 1881లో, 1885లో, 1890లో మళ్ళీ మళ్ళీ చీలారు. వేరే పేర్లు పెట్టుకోరు కాబట్టి అమెరికా జనాభా లెక్కల్లో ప్లిమత్ బ్రదరన్ ఒకటి, రెండు, మూడు అని నంబర్లేశారు.

మన గోదావరి వాళ్ళు ఓపెన్ వైపే. గ్రోవ్స్ మరి ముల్లర్‌కి బావమరిది. 1836లో ఇటు ఓడెక్కే ముందే డార్బీకి ఉత్తరం రాశాడు: మనం దేన్ని వ్యతిరేకిస్తామో దాన్నిబట్టే మనల్ని గుర్తుపట్టే రోజొస్తుంది, జాగ్రత్త, అనే అర్థంలో. సర్క్యులర్‌కి పన్నెండేళ్ళ ముందు! 1853లో బ్రిస్టల్‌లో ముల్లర్ ఇంట్లోనే పోయాడాయన.