అమ్మ పేరు మీద నూట ఇరవై గజాలు

"తల్లి చస్తే తండ్రి పినతండ్రి" అని ఒక సామెత. అమ్మ పోయినప్పుడు మా ఇంటికొచ్చిన వాళ్లలో కనీసం నలుగురు ఈ మాట అన్నారు, అదీ నాన్న వినేటట్టు. ఓదార్చడానికి వచ్చినవాళ్లకి ఇదే ఎందుకు గుర్తొస్తుందో!

మాది గగన్‌పహాడ్. మా ఇంట్లో మాటలన్నీ అమ్మ మీదుగానే వెళ్లేవి. నాన్నకి నాతో పనుంటే పక్క గదిలో ఉన్నా సరే అమ్మకే చెప్పేవాడు. మా భాషలో చెప్పాలంటే అమ్మ మా ఇంటి రౌటర్ :) 2020 అక్టోబర్ 13 రాత్రి అప్ప చెరువు తెగి, హైవే మీద కార్లు కొట్టుకుపోయి మనుషులు చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి నాన్న కాటేదాన్‌లో డ్యూటీలో ఇరుక్కుపోయాడు. నాన్న క్షేమమేనని అత్తాపూర్‌లో ఉన్న అక్కకి చెప్పింది కూడా అమ్మే, నాన్న కాదు.

అలాంటి మనిషి పోయాక మేం ముగ్గురం కూర్చుని మొదట మాట్లాడుకోవాల్సి వచ్చింది దేని గురించో తెలుసా? స్థలం గురించి.

శంషాబాద్ దగ్గర నూట ఇరవై గజాలు. ఎయిర్‌పోర్ట్ 2008లో మొదలైంది కదా, అంతకు చాలా ముందే అమ్మ చీటీ ఎత్తి తన పేరు మీద కొన్నది. వీలునామా లేదు. మూడో నెల కూడా నిండకముందే పెద్దనాన్న వచ్చాడు. "పెండ్లి అంత ఘనంగ చేసినం గద, బిడ్డతోని ఒక సంతకం పెట్టిస్తే అయిపాయె" అన్నాడు. అక్క "ఎక్కడ పెట్టాల్నో చెప్పుండ్రి" అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది. తర్వాత నెల రోజులు ఫోన్ లేదు.

నేను ఆ రాత్రే చట్టం తీసి చదివా. ఆడపిల్ల వాటా అనగానే మనవాళ్లు ఎన్టీఆర్ హయాంలో 1986లో వచ్చిన సవరణో, 2005 నాటి కేంద్ర సవరణో చెబుతారు. అవి ఉమ్మడి కుటుంబ ఆస్తి గురించి. తల్లి సొంతంగా కొన్న ఆస్తి సంగతి వేరు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, వీలునామా లేకపోతే కొడుకు, కూతురు, భర్త... ముగ్గురికీ సమానం. కట్నం ఇచ్చారా, పెళ్లి ఘనంగా చేశారా అన్న లెక్క అందులో ఎక్కడా లేదు.

నాన్నకి చదివి వినిపించా. ఏమీ అనలేదు. కాసేపయ్యాక నా ఫోన్ అడిగి తీసుకున్నాడు (తన దాంట్లో అక్క నంబర్ లేదు మరి!). "బిడ్డా, అది మీ అమ్మ కష్టం. ఎవలు తెచ్చినా ఏ కాగితం మీద సంతకం పెట్టకు" అన్నాడు. అక్క పెళ్లయి వెళ్లాక నాన్న తనంతట తాను ఆమెతో ఫోన్‌లో మాట్లాడటం నాకు తెలిసి అదే మొదటిసారి. అవతల అక్క ఏడుపు నాక్కూడా వినబడింది. నాన్నకి ఏం చేయాలో తోచక ఫోన్ నా చేతిలో పెట్టేశాడు.

పెద్దనాన్న ఇప్పుడు మా ఇంటికి రావడం లేదు. స్థలం ముగ్గురి పేర్ల మీదా ఉంది, ముళ్లకంపలు మొలిచాయి. కొట్టించాలి.

నేను వారమంతా గచ్చిబౌలిలోనే ఉంటా. నాన్న ఫోన్ చేస్తే నిమిషం దాటదు. "తిన్నవారా?" "తిన్నా." పైన విమానం పోతుంటే ఆ చప్పుడు తగ్గేదాకా ఇద్దరం ఊరుకుంటాం. వాన గట్టిగా పడిన రోజు మాత్రం మా ఇద్దరికీ చేస్తాడు, ముందు అక్కకి.