వెనక వరసలోంచి

జగిత్యాల, శుక్రవారం రాత్రి

బాపూ,

మధ్యాహ్నానికే చేరాను. ఖిల్లా చూడకుండా రావద్దన్నావు కదా, చూశాను. నక్షత్రంలా మొనలు తేలిన గోడ, చుట్టూ కందకం, బురుజుల మీద ఫిరంగులు. ఎండకు ఎక్కువసేపు నిలవలేకపోయాను. బస్టాండు దగ్గరే లాడ్జిలో దిగాను. లగ్గాల రోజులు. కింద వీధిలో ఒక బరాత్ పోతే ఇంకోటి వస్తోంది.

బస్సులో దారిపొడుగునా ఆర్కెస్ట్రా కండక్టర్ జుబిన్ మెహతా గురించి చదివాను. తండ్రి మెహ్లీ మెహతా 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టిన వయొలిన్ విద్వాంసుడు. అయినా కొడుకు డాక్టరు కావాలనుకున్నారు ఇంట్లో. (సంగీతం మీద అంత ప్రేమ ఉన్న ఇంట్లో కూడా ఇదే కథ!) ఆ చదువు మానేసి 1954లో, పద్దెనిమిదేళ్లకు, వియన్నా వెళ్లాడు. హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర కండక్టింగ్ నేర్చుకుంటూ డబుల్ బాస్ వాయించాడు.

అక్కడి ముచ్చట ఒకటి నీకు చెప్పాలి. పెద్ద కండక్టర్ల రిహార్సళ్లకు విద్యార్థులను రానిచ్చేవాళ్లు కాదట. మెహతా, తోటి విద్యార్థి క్లాడియో అబ్బాడో ఏం చేశారో తెలుసా? బృందగాన సంఘంలో గాయకులుగా చేరిపోయారు, అదీ మంద్రస్థాయి వరసలో. అక్కడ నిలబడి పాడుతూ బ్రూనో వాల్టర్‌నూ కరయాన్‌నూ చూస్తూ నేర్చుకున్నారు. టికెట్టు కొన్నవాళ్లకు కండక్టర్ వీపే దక్కుతుంది. ముఖం, కండ్లు కనపడేది వాయించేవాళ్లకు, పాడేవాళ్లకే. 1958లో లివర్‌పూల్ పోటీలో మెహతాకు మొదటి బహుమతి వచ్చింది. ఇరవయ్యారేళ్లకు, 1962లో, లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్ ఆయన చేతికొచ్చింది.

కోరుట్ల, ఆదివారం

బాపూ,

ఇక్కడ వాకిళ్లలో ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. కండ్లు ముచ్చట్లలో, వేళ్లు ఆకు మీద. నేను వెతుక్కుంటూ వచ్చిన పెళ్లి బ్యాండు మాస్టర్ ఇల్లు చూపించింది వాళ్లే. మాస్టరంటే నీ వయసువాడనుకునేవు. మీసాలు ఇప్పుడిప్పుడే గట్టిపడుతున్న పిల్లగాడు. మేళం పగ్గాలు వాళ్ల చిన్నాయన దగ్గర్నుంచి మొన్ననే తీసుకున్నాడు. అంతకుముందు ఏండ్లకేండ్లు వెనక పెద్ద డ్రమ్ము మోసినవాడే.

ఒక లగ్గంలో పొద్దంతా వాళ్లతో ఉన్నాను. కాగితం లేదు, స్వరాలు రాసుకున్నదీ లేదు. కొత్త పాట సెల్‌ఫోనులో వింటాడు. ట్రంపెట్‌కు ఒక ముక్క, సాక్సోఫోన్‌కు ఒక ముక్క నోటితో పాడి చూపిస్తాడు. వాళ్లు రెండుసార్లు ఊదితే పాట కుదురుతుంది. తాను క్లారినెట్ ఊదుతూనే నడిపిస్తాడు. క్లారినెట్ మూతి పైకి లేస్తే పల్లవికి రమ్మని, ఒక భుజం దిగితే ఆపమని. జీలకర్ర బెల్లం వేళ మాత్రం అతని చూపు వాద్యాల మీద ఉండదు, పంతులుగారి వేలి మీద ఉంటుంది. ఆ వేలు కదిలీ కదలకముందే మేళమంతా ఒక్కసారి లేచింది. నాకు ఒళ్లు ఝల్లుమంది.

బరాత్‌లో అతను వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు, మేళానికి ఎదురుగా. ఎందుకట్లా అని అడిగితే, "సందు పొడుగుంటది అక్కా. ఎనకోనికి నా ఊదుడు ఆలస్యంగ ఇనవడ్తది. చెవిని నమ్మితే దెబ్బ జారుతది. కండ్లు కలవాలె" అన్నాడు. లెక్క వేసి చూశాను. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. వరస 30 మీటర్లు సాగితే సెకనులో పదోవంతు దగ్గర తేడా. తాళం కుంటడానికి అది చాలు. ఆర్కెస్ట్రాలో వెనక కూర్చున్నవాళ్లు చెవికన్నా కండక్టర్ చేతినే నమ్మేది ఇందుకే కదా. ఈ సంగతి అతనికి ఏ స్కూలూ చెప్పలేదు. పెద్ద డ్రమ్ము చెప్పింది, వెనకుండి అంతా ఆలస్యంగా విన్నవాడు గనక.

డీజేలు వచ్చాక పిలుపులు తగ్గాయన్నాడు. దాని మీద ఎక్కువ మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

సిరిసిల్ల, బుధవారం

బాపూ,

పేటలో ఏ సందులోకి పోయినా సాంచాల (మరమగ్గాల) చప్పుడే. ఒక షెడ్డులోకి వెళ్తే పక్కనున్న మనిషి మాట వినపడలేదు. పనివాళ్లు సైగలతో మాట్లాడుకుంటున్నారు. ఏ సాంచా లయ దానిదే, కలిపేవాడు లేడు. అరగంట ఉండి బయటపడ్డాను.

తర్వాత హన్మాజీపేట వెళ్లాను. కవి సినారె 1931లో పుట్టిన ఊరు. ఒగ్గు కథకు పేరు తెచ్చిన మిద్దె రాములుదీ ఆ ఊరే. ఒకే ఊరికి ఇద్దరు! అక్కడ ఒక పెద్దాయన ఒగ్గు బృందం సంగతులు చెప్పాడు. పిల్లలు ముందు తాళం పడతారు, తర్వాత డోలు, కథ చెప్పేది చాలా ఏండ్లకు. ప్రధాన కథకుడు గొంతు తగ్గించగానే డోళ్లు వాటంతట అవే తగ్గుతాయి. "చెప్పి తగ్గించేదైతే వాడు మా జట్టోడే కాదు" అన్నాడాయన.

బృందాన్ని నడపడం అనగానే నాకు వైణికుడు ఈమని శంకరశాస్త్రి గుర్తొచ్చారు. ఆయన వీణ వినడానికి నువ్వు రేడియో దగ్గర కూర్చుంటే మమ్మల్ని మాట్లాడనిచ్చేవాడివి కాదు! 1922లో ద్రాక్షారామంలో పుట్టి, తండ్రి అచ్యుతరామశాస్త్రి దగ్గర వీణ నేర్చిన మనిషి. ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందాన్ని నడపడానికి ముందు మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేశారు. ఆ వాద్యబృందం 1952లో మొదలైంది, హిందుస్తానీ వైపు రవిశంకర్, కర్ణాటక వైపు టి.కె. జయరామ అయ్యర్ చూసుకునేవారు. వీణ ఒంటరి వాద్యం. దాన్ని పట్టినవాడు పదిమందిని కలిపి వాయించేది సినిమా స్టూడియోలోనే అలవాటు చేసుకుని ఉంటాడని నా ఊహ. సినిమా పని అంటే ముక్కు విరిచేవాళ్లకు ఈ మాట రుచించదులే.

ఎల్లుండికి ఇంటికొస్తాను. ఒక పని. కోరుట్ల పిల్లగాడు క్లారినెట్ రీడు నోట్లో తడుపుకుని చీలిక కనపడకుండా వేలితో మూస్తూ ఊదుతున్నాడు. పోలీసు బ్యాండులో ఉన్నప్పటి నీ రీడ్ల డబ్బా అటక మీద ఉంది కదా, దించి చూడు. బాగున్నవి నాలుగు ఏరి పెట్టు, నేను పోస్టులో పంపిస్తాను. సైజు పెద్దదైతే చెప్పు, అతన్ని మళ్లీ అడుగుతాను. అమ్మకు చెప్పు, పచ్చడి సీసా పగలలేదు.

నీ బిడ్డ