స్పీకర్ రెండంగుళాలు జరిపితే

రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక స్పీకర్లు మళ్లీ జరిపాను. బాబాయి ఇచ్చిన పాత ఎల్‌ఎస్ 3/5ఏ జత. 1970లలో బీబీసీ వాళ్లు అవుట్‌సైడ్ బ్రాడ్‌కాస్ట్ వ్యాన్లలో వినడానికని చేయించిన డిజైన్. అడుగు ఎత్తు పెట్టె, అంతే. ఇరుకు చోటు కోసమే పుట్టింది కాబట్టి మా పదడుగుల గదిలో హాయిగా ఇమిడిపోయింది.

ఇన్నాళ్లూ మూలలకి ఆనించి తప్పు చేశాను. మూలలో గోడలు బేస్‌ని పెంచేస్తాయి. మృదంగం మోగితే గుమ్మని ఒకటే మోత, బీరువా అద్దం సన్నగా అదిరేది. టేపు పెట్టి కొలిచి రెండడుగులు ముందుకు తెచ్చాను. ట్వీటర్ చెవి ఎత్తుకి వచ్చేలా స్టూళ్లు వేశాను.

తర్వాత ‘మాయాబజార్’ పాటలు పెట్టాను. 1957 నాటి మోనో రికార్డింగు. రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం కాబట్టి, అమరిక సరిగ్గా ఉంటే గొంతు నట్టనడుమ నుంచి రావాలి. ఘంటసాల గారి గొంతు కాస్త ఎడమకి లాగుతోంది. ఎడమ స్పీకర్‌ని రెండంగుళాలు వెనక్కి జరిపాను.

వచ్చేసింది! ఏమీ లేని చోట, గోడ మీద క్యాలెండర్ ముందు మనిషి నిలబడి పాడుతున్నట్టే. ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. ఒళ్లు జలదరించింది.

పొద్దున్నే బాబాయికి ఫోన్ చేశాను, ఆదివారం రమ్మని. మధ్య కుర్చీ ఆయనదే.