అటక మీది పెట్టె

కాగితానికి మన ఇళ్ళల్లో ముగ్గురు శత్రువులు: చెదపురుగు, వాన చుక్క, పండగ సున్నం. మొదటి రెండూ నెమ్మదిగా తింటాయి. మూడోది ఒక్క పూటలో ఇల్లంతా దులిపి, పాత కాగితాలవాడి తక్కెట్లో పెట్టేస్తుంది. నేను పాలమూరులో తెలుగు పాఠాలు చెబుతున్న యీ యేళ్ళలో తాతల చేతిరాతలు కిలోల లెక్కన వెళ్ళిపోవటం చాలాసార్లు చూశాను.

అలా పోవలసిన పెట్టె ఒకటి ఈమధ్య ఆగింది. వనపర్తి వైపు నుంచి వచ్చి మా కాలేజీలో చదువుకునే అమ్మాయి ఒకతె, "సార్, మా ముత్తాత మిషన్‌లో బోధకుడట. ఆయన రాసినవేవో ఉన్నాయి, వచ్చి చూస్తారా?" అంది. వెళ్ళాను. రేకు పెట్టె. అందులో ప్రసంగాల నోటు పుస్తకాలు, దొరల ఉత్తరాలు, ఫోటోలు, ఏ వూరికి ఎన్ని మైళ్ళు నడిచిందీ, ఎవరింట జొన్నరొట్టె పెట్టిందీ, ఏ వాడలో కలరా వచ్చిందీ రోజువారీగా రాసుకున్న లెక్కలు. జీతం హాలీ రూపాయల్లో. భాష చూస్తే, బైబిలు గ్రాంథికం మధ్యలో అచ్చమైన పాలమూరు మాట! ఎమ్మే చదివే రోజుల్లో ఇలాంటి తెలుగు ఒక్క పేజీ నాకెవరూ చూపించలేదు.

మెనొనైట్లు అంటే పదహారో శతాబ్దంలో మెనో సైమన్స్ పేర పిలవబడిన, కత్తి పట్టకూడదనే క్రైస్తవ శాఖవారు. వారిలో బ్రదరెన్ శాఖకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో రష్యా నుంచి బయలుదేరి నల్లగొండ చేరారు. 1899లో అమెరికా నుంచి ఎన్.ఎన్. హీబర్టు హైదరాబాదు వచ్చారు. తరవాత నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, గద్వాల, శంషాబాదు, జడ్చర్లలలో మిషన్ బంగళాలు లేచాయి. డాక్టరు కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో వచ్చి, 1945లో శంషాబాదులో కన్నుమూసేదాకా ఇక్కడే వైద్యం చేశారు. అదే శంషాబాదులో 1932లో పుట్టిన పాల్ హీబర్టు మానవశాస్త్రవేత్త అయి, మన పల్లె మీద 'కొండూరు' అనే గ్రంథం 1971లో ప్రకటించారు.

ఈ దొరల సంఘానికి కాగితం విలువ తెలుసు. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో, కన్సాస్‌లోని హిల్స్‌బొరొ, కెనడాలోని విన్నిపెగ్‌లలో తమ చరిత్ర కోసం ప్రత్యేకంగా కేంద్రాలు పెట్టుకున్నారు. అక్కడి పద్ధతి సులువైనదే. ఎవరి కాగితాలు వారి పేరనే, వారు పెట్టుకున్న వరసలోనే ఉంచుతారు. తుప్పు పట్టిన గుండుసూదులు తీసేస్తారు. ఆమ్లం లేని అట్టల్లో పెట్టి, ఏ పెట్టెలో ఏముందో జాబితా రాస్తారు. చిరిగినచోట అంటుకునే టేపు వెయ్యరు. టేపు జిగురు కొన్నాళ్ళకు కాగితాన్నే తినేస్తుంది.

అయితే ఉత్తరానికి రెండు చివరలుంటాయి కదా! దొరల చివర సముద్రాలు దాటి భద్రంగా ఉంది. అందులో తొలినాళ్ళవి చాలావరకు జర్మన్ భాషలో ఉన్నాయి. మన చివర మాత్రం అటక మీద ఉంది. ఊరూరా నడిచిన బోధకులూ, ఇల్లిల్లూ తిరిగిన బైబిలు స్త్రీలూ ఏమనుకున్నారో దొరలు రాసినదాన్ని బట్టే చెప్పుకోవలసి వస్తే అది సగం చరిత్రే అవుతుంది.

ఆ పెట్టె అడుగున ఒక అర్జీ నకలు దొరికింది. పిల్లలు పస్తులున్నారు, జీతం రెండు రూపాయలు పెంచమని వేడుకోలు. కింద, వీలు కాదని జవాబు. మనవడు దాన్ని తగలబెడదామన్నాడు. బోధకుడి కూతురైన అవ్వకు ఎనభై దాటాయి. "ఇది నలుగురు జూస్తే మా నాయిన ఇజ్జత్ పోతది సారూ" అని కళ్ళొత్తుకుంది.

నేను వాదించలేదు. అవమానం అడిగినవాడిది కాదని నా మనసులో ఉంది గాని, ఆ మాట కూతురికి నేను చెప్పేదేమిటి? ఇలాంటి కాగితాలను ఫలానా గడువుదాకా ఎవరికీ చూపకుండా మూసి ఉంచే ఏర్పాటు గ్రంథ భాండాగారాల్లో ఉందని మాత్రం చెప్పాను. ఆమె చాలాసేపు ఆలోచించి, "అట్లయితే నేను పోయినంక జూడుండ్రి" అంది. ఆ మాటే కవరు మీద రాసి, తేదీ వేసి, ఆమె వేలిముద్ర తీసుకున్నాం. మిగతావన్నీ మనవరాలు రోజుకు పది పేజీల చొప్పున ఫోనులో ఫోటోలు తీస్తోంది. అసలు కాగితాలు ఆ ఇంటనే ఉన్నాయి. తగిన చోటు చూసి, అవ్వ ఒప్పుకుంటేనే కదులుతాయి.

ఈ పని చెయ్యటానికి చదువరులు క్రైస్తవులు కానక్కరలేదు, పండితులూ కానక్కరలేదు. కరణం గారి దస్తరమైనా, బడిపంతులు డైరీ అయినా ఒకటే. తడి తగలని చోటు, శుభ్రమైన చేతులు, ఫోటో వెనక పెన్సిలుతో పేరూ వూరూ, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి తెలుసుకునే ఓపిక ఉంటే చాలు. దొరల పెట్టెలు ఓడలెక్కి పోయాయి. మన పెట్టె దించటానికి ఒక స్టూలు వేసుకుంటే సరిపోతుంది.