పాత బండికి రెండు ఖరీదులు

విజయవాడ ఆటోనగర్‌కు కాస్త ఎడంగా ఉన్న ఆ సెకండ్ హ్యాండ్ కార్ల యార్డుకు నేను వెళ్లింది బండి కొనడానికి కాదు, లెక్కల పుస్తకం చూడటానికి. యజమాని వెంటనే నమ్మలేదు. ‘ఏ డిపార్ట్‌మెంటండీ మీరు?’ అని అడిగారు. పత్రికకు రాసుకునేవాణ్ణని చెప్పాక, తన పేరూ బోర్డూ రాయనని మాట తీసుకున్నాక టీ తెప్పించారు.

ముందు వరసలో స్విఫ్ట్‌లు, వేగనార్‌లు, ఐ20లు. గేటులోంచి చూడగానే కళ్లబడేలా కడిగి నిలబెట్టారు. వెనక వరస మీద దుమ్ము. అవి నెలల తరబడి కదలనివి, వాటి గురించి అడిగితే ఆయన మాట మార్చారు.

ఈలోగా ఎవరో బండి అమ్మడానికి వచ్చారు. మేస్త్రీ ఇంజిన్ జోలికి వెళ్లలేదు. పెయింట్ మీటరు పట్టుకుని డోర్లు, పిల్లర్లు తడిమాడు. తర్వాత సీటు బెల్టును చివరిదాకా లాగి వాసన చూశాడు. స్టెప్నీ కింద వేలు పెట్టి రాశాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగాక ఈ ఊళ్లో పాత బండ్ల బేరం ఇక్కడినుంచే మొదలవుతోంది. సీటు కవర్లు మార్చేస్తారు, కార్పెట్ మార్చేస్తారు. బెల్టు లోపలి మడతల్లో చేరిన బురద చార మాత్రం ఉండిపోతుంది.

లెక్కలు చూసేది యజమాని మేనకోడలు. సీఏ చదువుతోంది. ట్యాలీలో ఒక్కో బండికీ ఒక్కో ఖాతా తెరిచింది. బియ్యం బస్తాల్లా సగటు ధర కట్టడానికి ఇక్కడ కుదరదు. ఒకే ఏడాది, ఒకే మోడల్, ఒకే రంగు బండ్లు రెండున్నా, ఒకటి డాక్టరుగారు నడిపింది, ఇంకొకటి ట్రావెల్స్‌లో తిరిగింది. అందుకే అకౌంటింగ్ ప్రమాణాలు కూడా ఇలాంటి సరుకును దేనికది విడిగా లెక్కగట్టమంటాయి.

ఒక ఉదాహరణ వేసి చూపించమన్నాను. బండి నాలుగు లక్షలకు కొన్నారనుకుందాం. టైర్లు, టింకరింగ్, ఏసీ గ్యాస్, తోలుకొచ్చిన ఖర్చు కలిపి 35 వేలు. స్టాకులో దాని ఖరీదు 4,35,000. చివరికి 4,30,000కి అమ్మారు. పుస్తకంలో అయిదు వేల నష్టం. కానీ జీఎస్టీ పుస్తకంలో ఆ బండి ఖరీదు నాలుగు లక్షలే! పాత బండ్ల పన్ను అమ్మిన ధరకూ కొన్న ధరకూ ఉన్న తేడా మీదే పడుతుంది. ఆ తేడాలోంచి మరమ్మతు ఖర్చు తీసెయ్యడానికి లేదు. కాబట్టి నష్టపోయిన బండి మీదే 30 వేల తేడాకు 18 శాతం లెక్కన పన్ను కట్టాలి. కొన్న ధరకన్నా తక్కువకు అమ్మితే పన్ను ఉండదు, అయితే ఆ నష్టాన్ని పక్క బండి లాభంలోంచి తగ్గించుకోనివ్వరు.

చిన్న కార్లకు ఈ రేటు ఒకప్పుడు 12 శాతం. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో కూర్చున్న జీఎస్టీ కౌన్సిల్ అన్నిటికీ 18 అంది, 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. సొంత కారు అమ్ముకునే ఉద్యోగి కూడా కట్టాలని అప్పట్లో వాట్సాప్‌లో గోల చేశారు గానీ, అది నిజం కాదు. నాకు మాత్రం ఒక సంగతి మింగుడుపడదు. బండిని నిజాయితీగా బాగుచేసి అమ్మేవాడికీ, పైపైన పాలిష్ కొట్టి అమ్మేవాడికీ ఈ లెక్కలో తేడా లేదు. ఇంకా చెప్పాలంటే రెండోవాడికే లాభం.

వడ్డీ దగ్గర మామకూ మేనకోడలికీ పడలేదు. యార్డులో సగం సరుకు అప్పు మీద ఉన్నదే.

‘బండి నిలబడ్డన్నాళ్లూ వడ్డీ పడుతుంటే అది బండి ఖర్చు కాకుండా ఎట్టా పోద్దే?’

‘బండి అమ్ముడుపోకపోవడం మన ఖర్చు మావయ్యా, బండి ఖర్చు కాదు.’

అమ్మాయిదే సరైన మాట. వడ్డీ, యార్డు అద్దె బండి ఖరీదుకు కలుపుతూ పోతే, వెనక వరసలో దుమ్ము పట్టిన బండే పుస్తకంలో అన్నిటికన్నా విలువైన సరుకుగా కనిపిస్తుంది. లాభం కూడా లేనిది ఉన్నట్టు తేలుతుంది.

మార్చి 31న ఇంకో పరీక్ష ఉంది. అయిన ఖర్చు, ఇప్పుడు అమ్మితే చేతికొచ్చే మొత్తం, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అదే స్టాకు విలువ. 2025 సెప్టెంబరు 22న కొత్త చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, సెస్సూ పోయింది. కొనేవాళ్లకు పండగే. అంతకుముందే పాత ధరల లెక్కన సరుకు నింపుకున్న ఈ యజమానికి మాత్రం రాత్రికి రాత్రే దెబ్బ. ‘కొత్తదే తగ్గింది, మీ పాతది ఇంకెంత తగ్గిస్తారండీ అని అడిగారు అందరూ’ అన్నారాయన. అలాంటి బండ్ల విలువను పుస్తకంలో కోసెయ్యాల్సిందే. మంచి రోజులొస్తాయని ఆశపడి అలాగే ఉంచితే బ్యాంకును మోసం చేసినట్టు.

యార్డులో ఉన్నవన్నీ యార్డువి కావు. కొన్ని ‘పార్క్ అండ్ సేల్’ బండ్లు. సొంతదారు తెచ్చి పెడతాడు, అమ్మిపెడితే కమీషన్. వీటిని స్టాకులో చూపకూడదు, అమ్మిన మొత్తాన్ని టర్నోవరులో వేసుకోకూడదు. కమీషన్ ఒక్కటే ఆదాయం. లోన్ ఇప్పించినందుకు ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే డబ్బూ అంతే. కొనేవాడిచ్చిన అడ్వాన్సు తాళాలు అప్పజెప్పేదాకా అప్పే, అమ్మకం కాదు. నగదు సంగతికొస్తే, ఒక బేరంలో రెండు లక్షలు గానీ ఆపైన గానీ తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం.

బండీ డబ్బూ చేతులు మారినంత మాత్రాన బాధ్యత మారిపోదు. ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాదానికి వాళ్లే జవాబుదారీ అని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలొచ్చాయి. రవాణా శాఖ నుంచి సర్టిఫికెట్ ఉన్న డీలరుకు బండి అప్పజెప్పి ఫారం 29సీ ఆన్‌లైన్‌లో ఇస్తే, అప్పటినుంచి డీలరే యజమాని కింద లెక్క. కాబట్టి యార్డులో బండి వదిలేసి వచ్చేవాళ్లు చెక్కు కోసం ఎంత పట్టుబడతారో, ఆ 29సీ రసీదు కోసమూ అంతే పట్టుబట్టండి. కొనుక్కునేవాళ్లు 30 రోజుల్లో ఆర్సీ మార్పుకు దరఖాస్తు పెట్టండి, బీమా మార్పుకైతే గడువు 14 రోజులే.